చాచాకు గోరీ తవ్విన పొద్దు

జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. ఎదుటివాళ్లు తమ వంతు చేస్తారన్న నమ్మకం ఉన్నంతకాలమే మనుషులు న్యాయంగా నడుచుకుంటారని ఏటా ఒక పాఠం వస్తుంది. ఆ మాటను ఇప్పటికీ పూర్తిగా కాదనలేను. కానీ మా చాచా పోయినప్పటి నుంచి అది చెప్పేటప్పుడు గొంతులో మునుపటి ధీమా ఉండదు.

మా ఊరు రేగొండ పక్కన. ముస్లింల ఇళ్లు చాలా తక్కువ. మా ఇళ్లలో ఎవరు పోయినా గోరీ తవ్వడానికి ఊళ్లోవాళ్లు గడ్డపారలతో వస్తారు. వాళ్ల చావులకు మేము కట్టెలు మోస్తాం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, అలా నడుస్తోంది.

నాన్నకు తమ్ముడైన చాచా ఒక్కడే అందులోంచి తప్పుకున్నాడు. పొలం గట్టు తగాదాలో పెద్దమనుషులు తనకు అన్యాయం చేశారని, అప్పటి నుంచి ఎవరి గడపా తొక్కలేదు. ఎదురింటి పెద్దాయన కొడుకు ట్రాక్టర్ తిరగబడి చనిపోయిన రోజు కూడా తలుపు వేసుకుని లోపలే కూర్చున్నాడు.

ఎండాకాలంలో, పొద్దుపొద్దున్నే చాచా గుండె ఆగింది. నేను బస్సు దిగి వెళ్లేసరికి వాకిట్లో చాచీ, చుట్టాల ఆడవాళ్లు తప్ప ఎవరూ లేరు. నాన్న, నేను, ఇద్దరు బంధువులం కబరస్తాన్‌కు వెళ్లి తవ్వడం మొదలుపెట్టాం. రేగడి రాయిలా బిగుసుకుంది. గడ్డపార దిగడం లేదు.

చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లను పిలవడానికి వెళ్లాను.

"సారూ, నీ మీద కోపం లేదు," అన్నాడు ఒకాయన. "మా నాయిన సచ్చిపోయిన్నాడు మీ చాచా వచ్చిండా? గిప్పుడు మేమెందుకు రావాలె?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. తిరిగి వచ్చేశాను.

కాసేపటికి ఎదురింటి పెద్దాయన పార భుజాన వేసుకుని వచ్చాడు. నాన్న పని ఆపేశాడు.

"అన్నా, నువ్వొచ్చినవా? నీ కొడుకు పోయిన్నాడు వీడు రాలే గదా."

"రాలే. గది మర్సిపోలే, మర్సిపోను గూడ." కండువా నడుముకు బిగించుకున్నాడు. "ఆ దినం వాకిట్ల కూసోని మీవోని తలుపు దిక్కే చూసిన. ఎవలన్న రాకుంటె ఎట్లుంటదో నాకెరుక. గిప్పుడు గా చెల్లె వాకిట్ల కూసోని చూస్తున్నది."

చాచా గురించి ఆయన ఒక్క మంచి మాట అనలేదు, కన్నీరు పెట్టలేదు. తవ్వాడు. ఆయనను చూసి హోటల్ దగ్గర నుంచి కొందరు లేచి వచ్చారు. నాతో మాట్లాడినాయన మాత్రం రాలేదు. మధ్యాహ్నానికి చాచాను మట్టిలో పెట్టాం.

భర్త పోయిన ఆడది గడప దాటకుండా ఉండే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగిశాక చాచీ మహబూబాబాద్‌లో ఉన్న కూతురి దగ్గరికి బయలుదేరింది. పోయేముందు ఇంటింటికీ వెళ్లి చెప్పొస్తానంది. నేను వెంట నడిచాను. ఆ రోజు హోటల్ దగ్గర రానన్నాయన ఇంటి ముందు కూడా ఆగింది. బర్రెను కట్టేస్తున్న ఆయన లేచి నిలబడ్డాడు.

"పోయొస్త తమ్మీ," అంది చాచీ.

ఆయన నేల చూపులు చూశాడు. "కూసో అక్కా. చాయ్ తాగి పో."

చాచీ అరుగు మీద కూర్చుంది. ఆయన చాయ్ పెట్టమని లోపలికి కేకేసి, తానూ అరుగు చివర కూర్చున్నాడు.