నొక్కకూడని మాట

పోయిన ఏడాది ఒక రోజు పొద్దున, తిరువళ్లూరులో మా ఆఫీసు మెట్లెక్కుతుంటే తిరుత్తణి నుంచి మా వదిన ఫోన్ చేసింది. ఆఫీసు వేళలో ఫోన్ చేసే మనిషి కాదు వదిన. "పిల్ల నీకేమన్నా ఫోన్ చేసిందా?" అని అడిగింది. పిల్ల అంటే మా అన్న కూతురు, నా మేనకోడలు. తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్లూరు పక్కనున్న కాలేజీకి రోజూ వస్తుంది. ఆ రోజు కాలేజీకి చేరలేదట. ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం లేదట.

"ఎందుకు వదినా, ఏమైంది?" అన్నాను.

"ఏమీ లే. ఫోన్లో ఏందో పెట్టినాదంట. మా అన్న చూసుకుంటా ఉండాడులే," అని పెట్టేసింది.

ఆ "ఏందో" ఏమిటన్నది మా బంధువుల వాట్సాప్ గ్రూపు తెరిస్తే తెలిసింది. ఆ గ్రూపును నడిపేది వదిన వాళ్ళ అన్న. నాకు బావ వరస. పెళ్ళయినా చావయినా మైకు తన చేతిలోనే ఉండాలనుకునే మనిషి. పొద్దున దేవుడి బొమ్మలు, మధ్యాహ్నం షుగరుకు కాకరకాయ వైద్యం, ఇవి తప్ప ఆ గ్రూపులో నేనెప్పుడూ ఏమీ చూడలేదు. ఆ రోజు పిల్ల పెట్టిన పోస్టును ఫొటో తీసి, చుట్టూ ఎర్రగా గీసి పెట్టాడు.

మా పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. తెలుగు మాటల్ని అరవ అక్షరాల్లో రాసుకుంటారు. అట్లాగే రాసింది. "అందురూ నన్ను మన్నించండి. ఇంక నా వల్ల ఎవురికీ కష్టం ఉండదు. అమ్మా, కోప్పడొద్దు." అంతే. ఆ మెట్ల మీదే కూర్చున్నాను.

ఆ పిల్ల సరిగ్గా నిద్రపోవడం లేదని, తిండి తగ్గించిందని, పిలిస్తే తప్ప గదిలోంచి రావడం లేదని మాకందరికీ తెలుసు. ఈ వయసులో మామూలే అనుకున్నారు. సంబంధం కుదిరితే అదే సర్దుకుంటుందని కూడా అనుకున్నారు.

ఫొటో కింద బావ గొంతుతో ఒక వాయిస్ మెసేజ్. "అందురూ సీక్రం ఆ పిల్ల అకౌంటు తెరవండి. పైన మూడు చుక్కలుంటాయి, నొక్కండి. రిపోర్ట్ అని వస్తాది. దాంట్లో ఫేక్ అకౌంట్ అని ఉంటాది, అది నొక్కండి. అందురం నొక్కితే కంపెనీవోడే తీసేస్తాడు. ఆదివారం పిల్లని చూడను వస్తా ఉండారు, వాళ్ళ కంట్లో పడకూడదు. ఎవురూ బయట మాట్లాడొద్దు."

ఆ కింద వరసగా బొటనవేళ్ళు. "నొక్కినా మామా." "నేనూ నొక్కినా." "మా ఇంట్లో అందురం నొక్కినాం." శోళవరంలో ఉన్న చిన్నాయన, ఫోన్ పట్టుకోవడమే సరిగ్గా రాదు, ఆయన కూడా మనవడి చేత నొక్కించానని చెప్పాడు. పిల్ల ఎక్కడుందని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేనూ మూడు చుక్కలు నొక్కాను. అరవంలో కారణాల వరస వచ్చింది. ఫేక్ అకౌంట్, అశ్లీలం, మోసం, ఇంకా ఏవేవో. వాటి మధ్యలో ఆత్మహత్య అన్న మాట. దాన్ని చూస్తూనే బావకు ఫోన్ చేశాను.

"బావా, పిల్ల యాడుంది?"

"వెతకను పంపించినాం. నువ్వు నొక్కినావా లేదా?"

"ఆ వరసలోనే వేరే మాట ఉంది చూడు. దాన్ని నొక్కమని చెప్పు అందురికీ. అది నొక్కితే కంపెనీవాళ్ళు ఆ పిల్లనే పలకరిస్తారు. పోలీసోళ్ళకు కూడా చెప్తారంట."

"ఛీ! ఆ మాట మన చేత్తో మన పిల్ల మీద వేసేదా? నీ నోట్లో మంచి మాటే రాదా? రేపు ఆ కంపెనీ కాడ రికార్డు ఉండిపోతాది."

"ఫేక్ అంటే రికార్డు ఉండదా? ఉండే పిల్లని లేదంటా ఉండారే, బుద్ధుందా మీకు?"

ఫోన్ పెట్టేశాడు. ఆయన్ని తిట్టి ప్రయోజనం లేదు. మా ఇళ్ళల్లో మాటల మీద అంత భయం. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరితే కొండెక్కిందంటాం. రాయల కాలంలో ఈ దిక్కుకొచ్చి స్థిరపడిన సేద్యగాళ్ళం, చుట్టూ అరవం ఉన్నా ఇంట్లో తెలుగు విడవలేదని గొప్పలు చెప్పుకుంటాం. తెలుగుతోపాటు ఈ భయం కూడా విడవలేదు. చెడ్డ మాట అంటే చెడు జరుగుతుంది. అనకపోతే జరగదు. అందుకే ఊళ్ళూళ్ళ నుంచి మా వాళ్ళంతా ఆ మాటను వేలితో దాటి, పక్కనున్న అబద్ధాన్ని నొక్కుతున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పిల్లను కాపాడుతున్నామనే అనుకున్నారు.

నేను ఆ మాట నొక్కాను. మీ పేరు ఆమెకు తెలియనివ్వం, ఆమెకు సహాయం అందేలా చూస్తాం అని తెర మీద వచ్చింది.

కాసేపటికి మళ్ళీ తెరిచి చూస్తే పిల్ల అకౌంటే లేదు. గ్రూపులో చప్పట్లు. "పోయింది!" "అమ్మయ్య, నిమ్మది." బావ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. నేను మళ్ళీ పిల్లకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మా అన్నకు చేశాను. అన్న పనిచేసే ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాలి. వదినకు చేశాను, బిజీ. సెలవు కూడా చెప్పకుండా ఆటో ఎక్కి పోలీస్ స్టేషనుకు పోయాను.

స్టేషన్లో ఒక ఆడ ఇన్‌స్పెక్టరు ఉంది. పోస్టు ఫొటో చూపించి అందులో ఏం రాసుందో అరవంలో చెప్పాను. అక్షరాలు తన భాషవే, మాటలు తన భాషవి కావు, ఆమె వింతగా చూసింది. వినగానే ఫోన్ నంబరు రాసుకుని, ఎక్కడుందో కనుక్కోమని ఒక కానిస్టేబులుకు ఇచ్చింది. అకౌంటు తెరిచి చూపించమంది.

"లేదు మేడమ్. తీసేశారు."

"ఎవరు?"

"మా వాళ్ళే. ఫేక్ అని రిపోర్ట్ చేశారు."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఇట్లాంటివి ఒక్కోసారి ఆ కంపెనీయే మాకు చెప్తుందమ్మా, ఫలానా పిల్ల ఇట్లా రాసింది, చూడండి అని. ఇప్పుడు వాళ్ళ లెక్కలో ఈ పిల్లే లేదు. లేని పిల్ల గురించి ఏం చెప్తారు?" అంది అరవంలో. ఆమె మా వాళ్ళను తిట్టి ఉంటే నాకు కొంచెం బాగుండేది. తిట్టలేదు. ఇంకో ఫోన్ అందుకుంది.

బెంచీ మీద కూర్చున్నాను. ఆ కంపెనీ మీద నాకేమీ ప్రేమ లేదు. పిల్లను తెల్లవార్లూ మేలుకోబెట్టింది అదే. ఒక ఏడుపు వీడియో చూస్తే పది ఏడుపులు తెచ్చి చూపించేది అదే. చెప్పుల గురించి మాట్లాడుకుంటే చెప్పుల ప్రకటన చూపిస్తుందే, ఒక పిల్ల బతకలేనని రాస్తే దానికి కనపడదా? అరవ అక్షరాల్లో ఉన్న మా తెలుగు దాని మిషనుకు అర్థం కాదేమో, సరే. అర్థమయ్యే మనుషుల్ని పెట్టుకోవచ్చు కదా, డబ్బు లేకనా? ఇళ్ళల్లో విషయాలు కంపెనీలకెందుకు, అది నిఘా అవుతుందని మా ఆఫీసులో చదువుకున్నవాళ్ళు వాదిస్తారు. నేనూ ఒకప్పుడు తల ఊపాను. ఆ బెంచీ మీద మాత్రం, ఎవరైనా సరే ఆ పిల్లను పలకరిస్తే చాలనిపించింది. కంపెనీ కావచ్చు, మిషను కావచ్చు, దారిన పోయేవాళ్ళు కావచ్చు. మా ఇంట్లో ఆ పని చేసేవాళ్ళు లేరని అప్పటికి నాకు బాగా తెలిసిపోయింది.

కానిస్టేబులు ఎవరితోనో ఫోన్లో అరుస్తున్నాడు. అప్పుడు నా ఫోన్ మోగింది.

"అత్తా," అంది పిల్ల.

నేను లేచి నిలబడ్డాను. ఇన్‌స్పెక్టరు నా ముఖం చూసి దగ్గరికొచ్చింది. "యాడుండావు కన్నా?" అన్నాను.

"తిరునిన్రవూరులో. స్టేషన్ బయట టీ అంగడి కాడ. అమ్మకు ఎన్నిసార్లు చేసినా బిజీ వస్తా ఉంది. నా అకౌంటు కూడా తెరుచుకోలే. నేను ఈడనే ఉండానని అమ్మకు చెప్పు."

అమ్మ ఫోన్ ఎందుకు బిజీగా ఉందో నాకు తెలుసు. నొక్కామని చెప్పడానికి చుట్టాలంతా ఫోన్లు చేస్తున్నారు. "చెప్తా. ఆడనే కూర్చో. ఫోన్ పెట్టొద్దు, నాతో మాట్లాడతా ఉండు," అన్నాను. ఇన్‌స్పెక్టరు జీపు తీయించింది. దారి పొడుగునా ఫోన్ చెవి నుంచి తీయలేదు. ఏం మాట్లాడాలో తెలియదు నాకు. టీ తాగినావా, చక్కెర సరిపోయిందా, వాన వచ్చేటట్టు ఉందా అని పిచ్చి ప్రశ్నలు అడిగాను. ఊఁ అన్నప్పుడల్లా నాకు ఊపిరి వచ్చేది. ఊఁ అనడం ఆలస్యమైతే జీపు డ్రైవరు మీద విసుక్కునేదాన్ని.

సంచి ఒళ్ళో పెట్టుకుని, మీగడ కట్టిన టీ పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. గట్టిగా పట్టుకున్నాను. తిట్టాలనుకున్న తిట్లు ఒక్కటీ గుర్తు రాలేదు. ఇన్‌స్పెక్టరు కొంచెం దూరంలో నిలబడి, మా ఇద్దరినీ కాసేపు అట్లాగే ఉండనిచ్చింది. తర్వాత మమ్మల్ని తిరువళ్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. మనసు డాక్టరును ఈ రోజే చూడాలి, చూసేదాకా పిల్లను ఒంటరిగా వదలొద్దు అని చెప్పి మరీ వెళ్ళింది.

డాక్టరు గది బయట కూర్చుని ఉండగా వదిన, బావ వచ్చారు. వదిన జడ కూడా వేసుకోలేదు. వచ్చి కూతురి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "ఏం భయం లే. పోస్టు పోయింది, ఎవురికీ తెలీదు," అన్నాడు బావ పిల్లతో. "బావా, బయట కాఫీ ఉంటాది, పోయి తాగు," అన్నాను. నా ముఖంలో ఏం చూశాడో, వెనక్కి తిరిగి పోయాడు.

కాసేపటికి పిల్ల తల్లి భుజానికి ఆనుకుంది. "నువ్వు పంపినావు కదా అమ్మా," అంది. "అది వచ్చినాక శానాసేపు దాన్నే చూస్తా కూర్చున్నా."

"ఏంది?" అంది వదిన.

"ఫోన్లో వచ్చింది. నీ పోస్టు చూసినోళ్ళు ఎవురో నీ గురించి కవలె పడతా, దిగులు పడతా ఉండారు, మాట్లాడాలని ఉందా అని. కింద ఏదో నంబరు ఉంది. నీకు కావాల్సినోళ్ళకన్నా ఫోన్ చెయ్యి అని కూడా ఉంది. పేరు వెయ్యలే. నువ్వే అనుకున్నా. అందుకే నీకు చేసినా."

వదిన నా వైపు చూసింది. ఒప్పుకో వదినా, నువ్వేనని చెప్పు అని నేను కళ్ళతోనే చెప్పాను. ఆ ఒక్క నమ్మకం మీదనే కదా పిల్ల ఆ అంగడి దగ్గర ఆగింది. ఇప్పుడది తీసేస్తే ఏమవుతుందోనని నాకు భయం.

"నేను కాదే," అంది వదిన. "అది అత్త. మామ చెప్పినాడని నేను ఫేక్ అని నొక్కినా. అందురికన్నా ముందు నేనే నొక్కినా."

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. నాకు వదిన మీద పట్టరాని కోపం వచ్చింది. నిజాలు చెప్పడానికి ఈ రోజే దొరికిందా ఈమెకు? పిల్ల నేల చూస్తూ కూర్చుంది. ఎదురుగా వరసలో ఉన్నవాళ్ళు దగ్గుతున్నారు, లేస్తున్నారు, కూర్చుంటున్నారు.

"అయితే ఇప్పుడు అడుగు," అంది పిల్ల, తల ఎత్తకుండానే.

"ఏమడిగేది?"

"ఎవురో అడిగినారు కదా. నువ్వూ అడుగు."

"నీకు ఏమన్నా... అట్ల..." అంది వదిన.

"అట్ల అంటే?"

వదిన చీర కొంగు చేతికి చుట్టుకుంది. తర్వాత, ఎదుటి వరసలో వాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా అడిగింది.

"చచ్చిపోవాలనుకున్నావా?"

"ఊఁ," అంది పిల్ల.

"ఇప్పుడో?"

పిల్ల నిజంగా ఆలోచించింది. "తెలీదు అమ్మా. పొద్దున ఉన్నంత లే," అంది. అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే, ఎప్పటి నుంచో నిద్ర రాని సంగతి, క్లాసులో ఏమీ తలకెక్కని సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

లోపల్నుంచి పిల్ల పేరు పిలిచారు. నేను లేచాను. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"రవ్వంత నిలవమని చెప్పు," అంది. "పిల్ల మాట్లాడతా ఉంది."