గడకర్ర వాళ్ళమ్మకు రాసిన ఉత్తరాలు

ఆఫీసుల వీధిలో, మెట్ల కింద ఇరుక్కున్న టైపింగు కొట్లో ఆమె కూర్చునే కుర్చీకి ఒక చెయ్యి ఊడిపోయి చాలా ఏళ్ళయింది. ఉన్న ఒక్క చేతిమీదే మోచెయ్యి ఆనించి, జనం చెప్పే గోడంతా విని, దాన్ని ఒక పేజీలో కుదించడం ఆమె పని. సెలవు చీటీలు, ఫిర్యాదులు, పై అధికారికి క్షమాపణలు. ముఖ్యంగా క్షమాపణలు రాయించుకోవాలంటే ఆ వీధిలో ఎవరైనా ఆమె దగ్గరికే పంపిస్తారు. "అక్కా, తప్పు ఒప్పుకున్నట్టూ ఉండాలి, ఒప్పుకోనట్టూ ఉండాలి" అంటారు. ఎనిమిది నిమిషాల్లో కాగితం చేతిలో పెడుతుంది.

తన సొంత క్షమాపణ మాత్రం ముప్ఫయ్యారేళ్ళుగా ఒక్క వాక్యం కూడా ముందుకు నడవలేదు.

అందుకే, తను ఉండి చదువుకున్న ఆడపిల్లల హాస్టలు మూసేస్తున్నారనీ, కూల్చేలోగా పాత పిల్లలందరూ ఓ ఆదివారం కలవాలనీ కబురొచ్చినప్పుడు ఆమె మొదట అడిగింది భోజనాల సంగతి కాదు. "గడకర్ర వస్తోందా?" అని అడిగింది. వస్తోందన్నారు. ఆ వారం రోజులూ ఆమె టైపు చేసిన ప్రతి కాగితంలోనూ తప్పులు దొర్లాయి.

హాస్టల్లో ఆమె పేరు ఇంకుబుడ్డి. పొట్టిగా, గుండ్రంగా, వేళ్ళ నిండా సిరాతో ఉండేది కాబట్టి ఆ పేరు పెట్టినవాళ్ళని తప్పు పట్టడానికి లేదు. ఒక పొడుగాటి హాలు, ముప్ఫై మంచాలు, మంచం కింద ఒక్కో రేకు పెట్టె. పొద్దున్నే స్నానాల గది ముందు బకెట్ల వరస. మనిషి లేకపోయినా బకెట్టు ఉంటే చాలు, చోటు ఉన్నట్టే. ఆ తర్వాత జడలు. ఒకరి వెనక ఒకరు రైలు పెట్టెల్లా కూర్చుని ముందున్నదాని జడ వేసేవాళ్ళు. చిట్టచివర కూర్చున్నదాని జడ వేసేవాళ్ళు ఉండరు గనక రోజుకొకరు వంతులేసుకుని జుట్టు విరబోసుకుని ఏడ్చేవాళ్ళు. ఇప్పటికీ ఆమెకి అద్దం ముందు ఒంటరిగా జడ వేసుకుంటుంటే వీపు వెనక ఏదో వెలితిగా ఉంటుంది.

ఆదివారం ఫలహారాలవగానే భోజనాల హాల్లో ఉత్తరాల గంట. ఇంటికి ఒక పేజీ రాసి, కవరు అంటించకుండా వార్డెనుకి ఇవ్వాలి. నడుముకి తాళాలగుత్తి వేలాడేసుకుని తిరుగుతుంది కాబట్టి ఆవిడ తాళాలమ్మ. ఉత్తరంలో అన్నం, పురుగు, ఏడుపు అనే మూడు మాటలు లేకపోతే చాలు, ముద్ర కొట్టేసేది.

ఇంకుబుడ్డికి రాయడం మంచినీళ్ళు తాగినంత తేలిక. మిగతావాళ్ళు పెన్ను మూతి కొరుకుతూ కూర్చునేవాళ్ళు. "ఒసేయ్, రెండు ముక్కలు చెప్పవే" అని ఒకత్తి అడిగింది. మరుసటి వారానికి నలుగురయ్యారు. వాన పడిన ఒక వారం పదకొండు మంది. పదకొండు మందికీ వేరువేరుగా ఏం చెబుతుంది పాపం? "ఈ వారం వాన పడింది. కిటికీ దగ్గర నిలబడితే వంటింట్లో నువ్వు చెయ్యి తుడుచుకుంటూ నన్ను పిలిచినట్టే అనిపించింది" అని చెప్పింది. పదకొండు మందీ బుద్ధిగా తమ తమ దస్తూరీలో దించుకున్నారు.

చూడటానికి తల్లులొచ్చే రోజు వరండాలో ఒక తల్లి కళ్ళొత్తుకుంటూ ఆ ఉత్తరం తీసింది. "మా పిల్లకి ఇంత మనసుందని నాకిన్నాళ్ళూ తెలీదు వదినగారూ, వినండి" అంటూ చదివింది.

పక్కావిడ చేతిసంచీలోంచి తనదీ తీసింది. "అదేవిటండీ, మా అమ్మాయీ అచ్చం ఇలాగే…"

"మా అమ్మాయీనూ!"

"నేనసలు వంటింట్లోకే వెళ్ళనండీ," అంది నాలుగో ఆవిడ అయోమయంగా. "మా అత్తగారు గడప తొక్కనివ్వరు!"

పదకొండు మంది పిల్లలూ నీళ్ళ తొట్టి వెనక దాక్కున్నారు. తాళాలమ్మ ఇంకుబుడ్డి చెవి పట్టుకుని వరండా మధ్యకి లాక్కొచ్చింది. అక్కడిదాకా నవ్వులాటే. కానీ ఆ తల్లుల్లో ఇంకుబుడ్డి తల్లి కూడా ఉంది. అందరూ వెళ్ళాక ఆవిడ నెమ్మదిగా అడిగింది: "మరి నాకు రాసేవాటిలో ఇవేవీ ఉండవేమే?" ఇంకుబుడ్డి తల్లికి ప్రతివారం వెళ్ళే ఉత్తరం ఇది: "క్షేమం. సబ్బు పంపు." ఊళ్ళోవాళ్ళందరికీ వండిపెట్టి, ఇంటికొచ్చేసరికి గిన్నె ఖాళీ.

ఆ రోజు నుంచీ ఎవరి ఉత్తరం వాళ్ళే రాసుకోవాలని కట్టడి. పదిమంది ఎలాగో అలవాటు పడ్డారు. గడకర్ర పడలేదు. మనిషి తలుపంత పొడుగు, నోట్లోంచి మాట రావాలంటే గగనం. తల్లి మంచం పట్టింది కాబట్టే ఆ పిల్లని హాస్టల్లో వేశారు.

"నా వల్ల కాదే," అంది స్నానాల వరసలో, బకెట్టు మీద కూర్చుని. "కాగితం ముందు కూర్చుంటే 'అమ్మా, చచ్చిపోకు' అని తప్ప ఇంకోటి రాదు. అది ఎలా పంపను?"

ఇంకుబుడ్డి తన బకెట్టు దాని పక్కకి జరిపింది. "ఈ వారం ఏం జరిగిందో చెప్పు," అంది.

అలా రెండేళ్ళు. శనివారం ఇంకుబుడ్డి దొంగచాటుగా రాసి గడకర్ర జామెట్రీ పెట్టెలో పెట్టేది. ఆదివారం గడకర్ర దించేది. జవాబు వచ్చిన రోజు ఇద్దరూ ఒకే మంచం మీద, ఒకే దుప్పటిలో తలలు దూర్చి చదివేవాళ్ళు. "నీ ఉత్తరం వచ్చిన రోజు లేచి కూర్చుంటున్నానే తల్లీ. ఎంత నవ్వానో! నాన్న నాకేమైందోనని పరిగెత్తుకొచ్చారు" అని రాసేది ఆవిడ. ఆ 'తల్లీ' తననే అన్నట్టు ఇంకుబుడ్డి ఒళ్ళు పులకరించేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు గానీ, తర్వాత్తర్వాత గడకర్ర చెప్పకపోయినా తనకి జరిగినవి కూడా అందులో చేర్చేసేది. గడకర్ర ఏమీ అనేది కాదు. దించేసేది.

ఒక రోజు వచ్చిన జవాబు గడకర్ర చూపించలేదు. ఒక్కతే చదువుకుని పెట్టెలో పెట్టి తాళం వేసింది.

"ఇటివ్వవే, చూడనీ," అంది ఇంకుబుడ్డి.

"ఇది నాకు."

"ఏం రాసిందో చెప్పు మరి. లేకపోతే జవాబు ఎలా రాస్తాను?"

"మా అమ్మ ఉత్తరం నీకెందుకే? నువ్వెవరివి?"

ఇంకుబుడ్డికి ముక్కు మీదే ఉంటుంది కోపం. "అయితే మీ అమ్మకి నువ్వే రాసుకో పో!" అంది. ఆ శనివారం జామెట్రీ పెట్టె ఖాళీగా ఉంది. ఆదివారం భోజనాల హాల్లో గడకర్ర గంటసేపు తనవైపే చూడటం కనపడుతున్నా ఇంకుబుడ్డి తలెత్తలేదు. చివరికి గడకర్ర వంగి ఏదో గీకి ఇచ్చేసింది.

తర్వాతి ఆదివారం రాకముందే, గురువారం మధ్యాహ్నం గడకర్ర వాళ్ళ నాన్న వచ్చాడు. రేకు పెట్టె రిక్షా ఎక్కుతుంటే ఇంకుబుడ్డి పెరట్లో ఆరేసిన దుప్పట్ల వెనక నిలబడింది. తన పొట్టి కాళ్ళు కింద కనపడుతున్నాయని కూడా తట్టలేదు. గడకర్ర మళ్ళీ హాస్టలుకి రాలేదు.

కలుద్దామనుకున్న ఆదివారం పాత పిల్లలు నలభైమంది దాకా వచ్చారు. జుట్టు నెరిసినవాళ్ళు, మోకాళ్ళు పట్టుకున్నవాళ్ళు, హాల్లో అడుగుపెట్టగానే "నా మంచం ఇదే!" అంటూ ఖాళీ నేలని చూపించి కొట్టుకున్నవాళ్ళు. గడకర్ర కిటికీ దగ్గర నిలబడి ఉంది. భుజాలు వంగాయి. రైలు టిక్కెట్ల కిటికీ వెనక ఉద్యోగమట.

"అబ్బో, ఇంకుబుడ్డీ! బుడ్డి నిండిందే!" అంది.

"నీ కర్రా వంగిందిలే," అంది ఈమె. ఇద్దరూ నవ్వి, భోజనాల హాల్లో ఒక బల్ల ముందు కూర్చున్నారు. మోకాళ్ళు, పిల్లల చదువులు అన్నీ అయిపోయాయి. ఇంక తప్పించుకోవడానికి ఏ మాటా మిగల్లేదు.

"ఆ ఆదివారం… నువ్వేం రాశావే?" అంది ఇంకుబుడ్డి.

గడకర్ర బల్ల మీది గీతని గోరుతో గీరింది. "క్షేమంగా ఉన్నాను, పరీక్షలు బాగా రాశాను, ఆరోగ్యం జాగ్రత్త. మూడు ముక్కలు."

"అందిందా?"

"అందింది. చదివి, 'ఇది నా పిల్ల రాసింది కాదు, దానికేదో అయింది, ఎవరో చెప్పి రాయిస్తున్నారు, వెళ్ళి చూసిరండి' అని నాన్నని పోరు పెట్టిందట. ఆయన నన్ను చూడ్డానికి బయల్దేరేలోపే అమ్మ అయిపోయింది." గడకర్ర గొంతులో కోపం లేదు. టిక్కెట్లు అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. "నా మాటల్తో నేను రాసింది అదొక్కటే."

వారమంతా సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ దగ్గరికి రాలేదు. "నేను రాయాల్సింది," అంది ఇంకుబుడ్డి.

"అవును, రాయాల్సింది," అంది గడకర్ర.

వంటవాళ్ళు గిన్నెలు దించుతున్న చప్పుడు.

"మన ఉత్తరాల కట్ట నాన్న అమ్మతోటే కాటికి పంపించేశాడు," అంది గడకర్ర. "అమ్మ జవాబులు మాత్రం నా దగ్గరే ఉన్నాయి. అప్పుడప్పుడు తీస్తాను. 'నువ్వు రాసింది చదివి ఎంత నవ్వానో' అని ఉంటుంది. దేనికి నవ్విందో తెలీదే. బుర్రకెక్కించుకోకుండా దించేశాను. నీకు గుర్తుంటుంది కదా, నువ్వే కదా రాసింది. ఒక్కటి చెప్పు."

ఇంకుబుడ్డి వెతుక్కుంది. దుప్పటి వాసన గుర్తుంది, ఆవిడ 'తల్లీ' అన్నది గుర్తుంది. తను రాసింది ఒక్క ముక్క లేదు. అల్లాలంటే ఎంతసేపు? ఎనిమిది నిమిషాలు కూడా అక్కర్లేదు. కోతి తాళాలగుత్తి ఎత్తుకుపోయిందనో, ఎవరో సబ్బు మింగారనో అంటే నమ్మేస్తుంది. వేళ్ళు బల్ల మీద కదిలాయి కూడా.

"గుర్తు లేదే," అంది.

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

"ఏదో ఒకటి చెప్పవే. నీకలవాటేగా," అంది గడకర్ర. వెక్కిరింపో, బతిమాలుకోవడమో తెలీలేదు. ఇంకుబుడ్డి తల అడ్డంగా ఊపింది. గడకర్ర ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, కిటికీ వైపు తిరిగింది.

భోజనానికి లేవమని ఎవరో కేకేశారు. ఇద్దరూ లేవలేదు.