హలీమాబీ అర్రలు

పక్కింటి గోడలకు సున్నం వేస్తున్నారు. తడి సున్నం వాసన కిటికీలోంచి వచ్చేసరికి నా చేతిలో పని ఆగిపోయింది. కామారెడ్డి స్టేషను దగ్గర మేమున్న అర్రల్లో ఏటా వానలు తగ్గాక ఇదే వాసన వచ్చేది. కొంగు నడుముకు దోపుకొని, మూలలు సరిగా తడవలేదని పనివాళ్లకు చూపిస్తూ హలీమాబీ ఎండలోనే నిలబడేది.

ఒకే వరుసలో ఉన్న ఆ ఎనిమిది ఒంటిగది అర్రలు ఆమె తండ్రి పేదవాళ్ల కోసం కట్టించి పోయినవి. కిరాయి నామమాత్రం. ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో ఆమే చూసుకునేది. అవి నిజాం రోజులు. పెళ్లయి నాగిరెడ్డిపేట నుంచి వచ్చిన నాకు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. మా ఆయన బియ్యం మిల్లులో హమాలీ. ఆ వరుసలో అందరూ భయపడిన మనిషిని నేనే. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. నా మొదటి బిడ్డ పుట్టిన పదకొండో రోజున పోయింది. నెల తిరగకముందే పక్క అర్రలో లచ్చవ్వకు కొడుకు పుట్టాడు. వాడు ఏడ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇత్తడి పళ్లెం గోడకేసి కొట్టేదాన్ని. నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. అంట్లు కడిగిన నీళ్లు వాళ్ల గడపలో పోసేదాన్ని. ఒకనాడు లచ్చవ్వ ఆ నీళ్లలో జారిపడింది. మోచెయ్యి చీరుకుపోయింది. బిడ్డ అప్పుడు ఆమె చంకలోనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున వరుసంతా హలీమాబీ చుట్టూ చేరింది.

"దీన్ని ఖాళీ చేయించు బీబమ్మా. లేకుంటే మేమే పోతం," అంది లచ్చవ్వ.

మా ఆయన తల దించుకొని నిలబడ్డాడు. అక్కడినుంచి వెళ్తే మాకు ఇంకో చోటు లేదు. హలీమాబీ అందరినీ పనులకు పొమ్మని, వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎందుకు చేసినవ్ బిడ్డా?"

"ఆ పిల్లగాడు ఏడుస్తడు."

"పిల్లలు ఏడుస్తరు గద."

"నాది ఏడుస్తలేదు," అన్నాను.

ఆమె ఇంకా దగ్గరికి జరిగింది. వీపు మీద చెయ్యి వేసింది. బిడ్డ పోయాక అప్పుడే మొదటిసారి ఏడ్చాను. జాలిపడి వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు.

"నీ దుఃఖం నాకెరుకే. నేను గూడ ఇద్దర్ని మట్టిల పెట్టిన. అయితే ఆ బాలింత పడ్డది. పిల్లగాడికి తాకితే ఏం చేస్తుంటివి? ఇంకోసారి గిట్ల చేస్తే నేనే వచ్చి నీ సామాను బయట పెడత. ఇప్పుడు లే, ఆ గడప కడుగు."

కడిగాను. లచ్చవ్వ తలుపు సందులోంచి చూస్తూనే ఉంది. హలీమాబీ చివరి అర్రలోని ముసలాయనను ఒప్పించి ఆ సాయంత్రమే మమ్మల్ని అక్కడికి మార్చింది. అక్కడికి ఏడుపు వినిపించేది కాదు. తరువాత నెల రోజులు ఆమె రోజూ వచ్చి నాతో కూర్చుంది. కొన్నాళ్లు ఏమీ మాట్లాడకుండా నాతోపాటు బియ్యంలో రాళ్లు ఏరేది. మళ్లీ గొడవ చేశానా అని నా ముందే పక్కవాళ్లను అడిగేది కూడా.

లచ్చవ్వ నన్ను క్షమించిందో లేదో తెలియదు. రెండేళ్ల తరువాత వాళ్లు ఎల్లారెడ్డికి మారిపోయారు. ఆ రోజు బండి ఎక్కేముందు కొడుకును నా వైపు తిప్పి, "పెద్దమ్మకు పోయొస్తనని చెప్పు," అంది. వాడు చెప్పాడు.

ఈ సాయంత్రం మా వీధివాళ్లు కాగితం పట్టుకొచ్చారు. మా కింది వాటాలో ఉంటున్న అతను తాగి అరుస్తున్నాడని, ఖాళీ చేయించాలని, సంతకం పెట్టమన్నారు. వాళ్ల బాధ నిజమే. రేపు పెడతానని చెప్పి మెట్లు దిగాను. అతనితో ఏం మాట్లాడాలో తెలియకుండానే తలుపు తట్టాను.