కనకయ్య ఓడిన ఓటు

రేకుల మీద వాన పరుగెత్తినట్టు ముందు మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఆ వానలోంచి, జుట్టు నిండా పోగుల నుసితో కనకయ్య బయటికొస్తాడు.

పడుచుతనంలోనే కరీంనగర్ నుంచి సూరత్ వచ్చిన నేతగాడు. చాయ్ బండి దగ్గర ఆయనది ఒకటే వాదన: విదేశీ నూలు మీద సుంకమైనా, పక్క దేశంతో ఒప్పందమైనా, మంత్రులు కాదు, జనమే ఓటేసి తేల్చాలి.

"అంత చిక్కు విషయాలు జనానికి తెలుస్తాయా?" అన్నాను.

"చిక్కు తీసుడు మాకు నేర్పుతరా సారూ?" అని నవ్వాడు.

ఆ వాదన ఇల్లు చేరింది. ఆ మోతకు ఏళ్ల తరబడి అలవాటై ఆయనకు చెవులు మందగించాయి. వాళ్లు సాంచ అనే ఆ మరమగ్గం పని మానమని డాక్టరు చెప్పినా వినలేదు. నిన్న భోజనాల దగ్గర భార్య భూదేవి పిల్లలతో అంది: "అన్నిటికీ ఓటే అంటడు గద మీ నాయిన. సాంచ పని బంద్ చెయ్యాలన్నోళ్లు చేతులెత్తుండ్రి."

కొడుకు, కూతురు, భూదేవి. మూడు చేతులు కంచాల మీద కొంగల్లా లేచాయి. ఆయన చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది.

ఇవాళ చూస్తే మళ్లీ మగ్గం దగ్గరే ఉన్నాడు. ఓటు సంగతేమిటని చెవిలో గట్టిగా అడిగాను.

"దేశం ముచ్చట జనం తేల్చాలె సారూ. సాంచ ముచ్చట వాళ్లకేమెరుక, ఒక్కలన్న నడిపిండ్రా?"