మా అవ్వ గొంతును ఫార్మాట్ చేసిన బావ

మా బావను నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు. ఈ సంగతి ఆయనకు తెలుసు, మా అక్కకు తెలుసు, మా వాడకట్టులో సగం మందికి తెలుసు. "ఎన్నొద్దులు మోస్తవే గా కోపం, ఇడిసిపెట్టరాదు" అంటుంది అక్క. ఆమెకేం, ఆయనతో కాపురం చేయాలి కాబట్టి అంటుంది. నాకు ఆ అవసరం లేదు.

మాది లక్సెట్టిపేట. పొద్దంతా ఒక ఆన్‌లైన్ సెంటర్లో కూర్చుని జనానికి దరఖాస్తులు నింపిపెట్టడం నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికి వచ్చాక నా అసలు బతుకు మొదలవుతుంది. పాడైన రేడియోలు విప్పుతాను, ఎవరో పారేసిన ల్యాప్‌టాప్‌లకు ప్రాణం పోస్తాను, వేళ్లు నొప్పి పుట్టేదాకా గేములు ఆడతాను. అందరిలా విండోస్ కాదు, నా కంప్యూటర్లో లినక్స్ తప్ప ఇంకోటి ఉండదు. ఎందుకని అడిగినవాళ్లకు మొదట్లో ఓపికగా చెప్పేదాన్ని. డబ్బులు పెట్టి కొననక్కర్లేదు, పాత మిషన్ మీద కూడా చక్కగా నడుస్తుంది, లోపల ఏం జరుగుతోందో చూడొచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు అని. వింటూ వింటూ ఆవలించేవాళ్లు. ఇప్పుడు అడిగితే నా ఇష్టం అని ఊరుకుంటున్నాను.

ఆడపిల్లకు ఈ స్క్రూడ్రైవర్ల పిచ్చేమిటని చుట్టాలు అడిగినప్పుడల్లా నా తరఫున మాట్లాడేది అవ్వ ఒక్కతే. మా దగ్గర అమ్మను అవ్వ అనే పిలుస్తాం. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే జవాబు చెప్పేది. "దాని శేతులు ఖాళీగ ఉండయి. నా శేతులు ఉంటున్నయా? గంతే" అనేది. ఆ గొంతు గట్టిది. పక్క వీధిలో ఉన్నా "ఓ చిన్నబిడ్డా" అంటే నాకు వినబడేది.

ఆ గొంతు బొంగురుపోయింది. వానాకాలం కదా అనుకున్నాం, కషాయాలు తాగించాం. తగ్గకపోతే కరీంనగర్ తీసుకుపోయాం. గొంతులో గడ్డ ఉందన్నారు. గొంతు పెట్టె మొత్తం తీసేయాలి, ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఇక రాదు అన్నారు. డాక్టర్ చెబుతున్నంతసేపూ అవ్వ నా ముఖమే చూస్తూ కూర్చుంది. బయటికి వచ్చాక "మాట రాకుంటే రాకపాయె, బీడీలైతే శేస్త కద" అంది. నేను ఆస్పత్రి మెట్ల మీదే ఏడ్చాను.

ఏడుపు అయిపోయాక నాకు తెలిసిన ఒకే ఒక్క దారిలో ఆలోచించాను. ఆపరేషన్ దాకా కొంత వ్యవధి ఉంది. ఆలోపు అవ్వ మాటల్ని ఆమె గొంతులోనే రికార్డు చేసి పెట్టుకుంటే, ఒక డబ్బా తయారు చేయొచ్చు. బటన్ నొక్కితే మాట రావాలి. అప్పటికే గేములు ఆడేందుకు ఒక పెద్ద బటన్ల డబ్బా చేసుకుందామని సామాను తెప్పించి ఉంచాను. రంగురంగుల బటన్లు, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు. గేము తర్వాత ఆడొచ్చు. అవి అవ్వకు ఇచ్చేశాను.

కిటికీకి బొంత కట్టి, ఫ్యాను ఆపి, మైకు ముందు అవ్వను కూర్చోబెట్టాను. మొదట్లో తహసీల్దారు ముందు నిలబడ్డట్టు బిగుసుకుపోయి మాట్లాడింది. "నీళ్లు కావాలె" అని చెప్పమంటే ఏదో అర్జీ పెట్టుకుంటున్నట్టు చెప్పింది. అవ్వా, మైకును మర్చిపో, నీ నోటికి ఏది వస్తే అది అను అన్నాను. అవ్వ వాకిలి వైపు చూసింది. అల్లుడు ఇంట్లో లేడని రూఢి చేసుకుంది. అప్పుడు మొదలుపెట్టింది.

అల్లుడంటే మా అక్క భర్త. గల్ఫ్‌లో ఏసీలు బాగుచేసే పని ఆయనది. సరిగ్గా అప్పుడే సెలవు మీద వచ్చి మా ఇంట్లో దిగాడు. మా ఇళ్లల్లో అల్లుడి ముందు అత్త మంచం మీద కూర్చోదు, గొంతు పెంచదు. కొంగు తల మీదికి లాక్కుని తలుపు చాటు నుంచి మాట్లాడుతుంది. ఆయన ఏం చేసినా నవ్వి ఊరుకోవాలి. మా బావకు ఇది బాగా కలిసొచ్చింది. మంచం దిగకుండా ఫోన్లో తుపాకుల గేము ఆడుతూనే ఉండేవాడు. గల్ఫ్‌లో క్యాంపు గదిలో దోస్తులంతా కలిసి ఆడతారట. ఇక్కడికి వచ్చినా ఆ గుంపు వదల్లేదు.

అవ్వ మైకులో ఆయన్ని తిట్టిన తిట్లు విని నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. ఆపమనలేదు. రికార్డు నడుస్తూనే ఉంది.

ఆ తర్వాత బిగువు వదిలిపోయింది. అవ్వ రోజూ కూర్చుని మాట్లాడింది. చాయ్ అడగడం, పొయ్యి చూడమనడం, కోళ్లను అదిలించడం, వాకిట్లోకి వచ్చినవాళ్లను కూర్చోమనడం. చివరికి నన్ను పిలవమన్నాను. "నిన్నేం పిలుస్తనే, ఎదురుంగనే ఉన్నవ్" అంది. ఎదురుగా లేననుకో అన్నాను. వాకిలి వైపు తిరిగి పిలిచింది. "ఓ చిన్నబిడ్డా... ఇటురా." నాకు ఈ డబ్బాలో కావలసింది అసలు అదే. మిగతావన్నీ సైగలతో ఎలాగో నడుస్తాయి. అన్నిటినీ కంప్యూటర్లో దాచి, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి టేబుల్ సొరుగులో పెట్టాను.

బావ కన్ను నా కంప్యూటర్ మీద పడింది. పెద్ద తెర మీద తన గేము ఆడుకుంటానన్నాడు. ఆ గేము లినక్స్ మీద నడవదని, చేసినవాళ్లే నడవనివ్వరని చెప్పాను.

"గేమే రాకుంటే గది కంప్యూటర్ ఎట్లయితది మరదలా?" అని నవ్వాడు.

"ఎట్లన్న కానియ్యి, ముట్టకు బావా. అవ్వ మాటలున్నయ్ అండ్ల" అన్నాను. దాని మీద "ముట్టవద్దు" అని కాగితం కూడా అతికించాను. ఆపరేషన్‌కు అక్కా నేనూ అవ్వతో కరీంనగర్ పోయాం. ఇల్లు చూసుకునేందుకు బావ ఉండిపోయాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మెడ మీద రంధ్రంతో, దానికి చుట్టిన గుడ్డతో అవ్వ ఇంటికి వచ్చింది. ఆటో దిగగానే అలవాటుగా కోళ్లను అదిలించబోయింది. నోరు కదిలింది, మాట రాలేదు. సరిగ్గా అప్పుడు వాకిట్లోకి మా బావ నవ్వుతూ వచ్చాడు.

"మరదలా, నీ కంప్యూటర్ బాగ జేసిన!"

లోపలికి పరుగెత్తాను. తెర మీద విండోస్. మధ్యలో ఆయన తుపాకుల గేము.

"ఏం జేసినవ్ బావా?"

"పరేషాన్ గాకు. డిస్క్ ఖరాబైంది. విండోస్ ఎక్కిస్తాంటె గది ఏందో తెల్వని డిస్క్ అని సూపెట్టింది. ఉత్త ఖాళీదే. ఫార్మాట్ గొట్టి సాఫ్ జేసిన. మా క్యాంపుల దోస్తు ఫోన్ల దారి సూపిచ్చిండు."

"ముట్టవద్దని రాసి పెట్టిన గద!"

"షాక్ గొడ్తదని రాసినవేమో అనుకున్న. చెప్పులేసుకోనే ముట్టిన."

విండోస్‌కు లినక్స్ డిస్కు చదవడం రాదు. తనకు చదవడం రానిదాన్ని తెలియనిదిగా చూపిస్తుంది. మా బావ కూడా అంతే, తనకు తెలియనిదంతా ఖాళీ అనుకునే రకం. సొరుగు తెరిచాను. పెన్‌డ్రైవ్ లేదు. అది కంప్యూటర్‌కే గుచ్చి ఉంది. విండోస్ ఎక్కించేందుకు ఆయనకు ఒక పెన్‌డ్రైవ్ కావలసి వచ్చింది. దాన్నీ తుడిచి వాడుకున్నాడు.

నేను అరిచాను. ఏమన్నానో సగం గుర్తులేదు. అక్క నా నోరు మూయబోయింది. అల్లుడిని అంత మాట అనొచ్చా అని పక్కింటివాళ్లు గోడ మీదుగా చూశారు. అవ్వ నా చేయి పట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఆమెకు అప్పటికి పోయిందేమిటో అర్థం కాలేదు. నేను చెప్పాక పోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. బావ మాత్రం "మల్ల రికార్డు జేస్కోవచ్చు గద" అన్నాడు. ఆ మాట అన్నాక ఆయనకే తట్టింది. తల దించుకుని బయటికి పోయాడు. చాలదు. నాకు ఆ తల దించుకోవడం చాలదు.

మిషన్ ఆపేసి డిస్కు బయటికి తీశాను. ఇంకో పాత ల్యాప్‌టాప్‌కు తగిలించి, చెరిగిపోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రామును దాని మీదికి వదిలాను. డిస్కు మీద కొత్తగా ఏదీ రాయని చోట పాతవి ఇంకా ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో అలాంటి చోటే మిగల్లేదు. కానీ మా బావ గేము మామూలు గేము కాదు, కొండంత గేము. అది పరుచుకున్న చోటల్లా అవ్వ మాటలు పోయాయి. దొరికిన ఫైళ్లకు పేర్లు లేవు, ఉత్త అంకెలు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కొక్కటే విన్నాను. నీళ్లు దొరికాయి. చాయ్ దొరికింది. కోళ్లను అదిలించేది సగం దొరికింది. కొన్నిట్లో ఉత్త గరగర. ప్రతి ఫైలు తెరిచేటప్పుడూ ఇదే కావాలని కోరుకున్నాను. చివరి ఫైలు దాకా విన్నాను. నన్ను పిలిచింది దొరకలేదు.

దొరికినవాటిలో ఒక్కటి మాత్రం తల నుంచి తోక దాకా చెక్కు చెదరకుండా ఉంది. అవ్వ అల్లుడిని తిట్టినది.

అది వినగానే నాలో ఒక ఆనందం పుట్టింది. మంచి ఆనందం కాదు. కుట్ర లాంటి ఆనందం. అవ్వకు వినిపించాను. భుజాలు కదిలేలా నవ్వింది, సప్పుడు లేకుండా. నవ్వి దగ్గి, కళ్లు తుడుచుకుని, వద్దు తీసేయ్ అని సైగ చేసింది. సరే అన్నాను. డబ్బా తయారు చేశాను. నీళ్లకు నీలం బటన్, చాయ్‌కి పసుపు. ఎర్ర బటన్ మీద మాత్రం టేపు అతికించి, ఇది పని చేయదని చెప్పాను. దసరా కోసం ఎదురుచూశాను.

దసరా నాడు మా దగ్గర జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్లకు మొక్కుతారు, మిగతావాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుని అలాయి బలాయి చేసుకుంటారు. ఎంత పగ ఉన్నా ఆ రోజు జమ్మి తెచ్చినవాడిని కాదనకూడదు. సాయంత్రం ఇల్లంతా చుట్టాలు. ఇచ్చోడ నుంచి మా చిన్నమ్మ వాళ్లు కూడా వచ్చారు. బావ కొత్త చొక్కా వేసుకుని, గుప్పెడు జమ్మి పట్టుకుని అవ్వ ముందు వంగాడు. నేను టేపు పీకి ఎర్ర బటన్ నొక్కాను.

"ఓ అల్లుడా! లెవ్వు! ఎద్దు లెక్క పన్నవ్, జర సిగ్గున్నదా? పొద్దు నెత్తి మీదికొచ్చె, మొకం గడగవైతివి. తింటె మంచంల, పంటె మంచంల. గా ఫోన్ల తుపాకులు గాల్సి గాల్సి ఎవ్వల్ని సంపుతవురా? నా బిడ్డ ఎట్లున్నదని ఒక్కనాడన్న అడిగినవా?"

ఇంటి నిండా అవ్వ గొంతు. అవ్వ చేతిలో కొంగు అలాగే ఉండిపోయింది. ముందు చిన్నమ్మ నవ్వింది, తర్వాత ఆపుకోలేక అందరూ నవ్వారు. అక్క ముఖం కందిపోయింది. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. నేను ఆ వంగిన వీపును చూస్తూ, ఇన్నాళ్లకు నా కడుపు చల్లబడిందనుకున్నాను.

బావ లేవలేదు. అక్కడే నేల మీద కూర్చున్నాడు. తల ఎత్తితే కళ్లనిండా నీళ్లు.

"ఇంకోపారి పెట్టు మరదలా" అన్నాడు.

ఎగతాళి అనుకున్నాను. కాదు.

"ఇన్నేండ్ల సంది గీ ఇంటికి వస్తున్న. కుర్సి ఏసిండ్రు, కోడిని కోసిండ్రు, ఒక్కలు ఒక్క మాట అనలే. సుట్టం లెక్కనే సూసిండ్రు. ఇయ్యాల అత్తమ్మ సొంత కొడుకును తిట్టినట్టు తిట్టింది" అన్నాడు. అవ్వ చేతులు తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. అవ్వ ఆ చేతులు వెనక్కి తీసుకోలేదు.

కొరడా అనుకుని నేను విసిరిందాన్ని ఆయన శాలువాలా కప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నీళ్లు, చాయ్ ఎవరినైనా అడిగే మాటలు. ఒక మనిషిని మనసులో పెట్టుకుని అవ్వ మాట్లాడింది ఆ డబ్బాలో అదొక్కటే. మిగతావి పోగొట్టినవాడికే అది దక్కింది.

"గది నా ఫోన్ల ఎయ్యి మరదలా. ఆడికి పోయినంక ఇనుకుంట" అన్నాడు బావ.

"ఎయ్య" అన్నాను.

ఇంట్లో నవ్వులు ఆగిపోయాయి. పండుగ పూట అదేం మాట అంది చిన్నమ్మ. అక్క బతిమాలింది. నేను కదల్లేదు. అవ్వ నా వైపు చూసి, ఇచ్చేయ్ అని చేత్తో సైగ చేసింది. నేను చూపు తిప్పుకున్నాను. చూడకపోతే సైగకు బలం లేదని నాకు తెలుసు.

అవ్వ డబ్బాను ఒళ్లోకి లాక్కున్న సప్పుడు వినబడింది. వేళ్లతో బటన్లు తడుముతోంది. నన్ను పిలవాలని, అందులో లేని పిలుపును వెతుకుతోంది. నీలం నొక్కింది, నీళ్లడిగింది. పసుపు నొక్కింది, చాయ్ అడిగింది. మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కటే నొక్కుకుంటూ వచ్చింది. నేను వీపు తిప్పుకునే నిలబడ్డాను, ఆమె పిలిస్తే అప్పుడు తిరుగుదామని.