బుధవారం వినిపించిన చెత్త బండి

మా తైనాన్ ఊళ్ళో చెత్త బండి పియానో వాయించుకుంటూ వస్తుంది. ఎప్పుడో పోయిన జర్మనీ పెద్దాయన ఒకరు కట్టిన పాట అది. ఆ పాట మొదటి ముక్క చెవిన పడిందంటే చాలు, ఎక్కడివాళ్ళు అక్కడ పనులు వదిలేసి సంచులు పట్టుకుని వీధిలోకి పరిగెత్తాల్సిందే. బుధవారం, ఆదివారం మాత్రం బండి రాదు. ఈ సంగతి మా సందులో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

గ్యోక్లాన్ అక్కకి ఆ బండంటే ఒళ్ళు మంట. ఆవిడ పియానో టీచరు. పెళ్ళీ పెటాకులూ లేవు, నల్ల పియానోతోనే కాపురం. “దేవుడి ముందు వాయించాల్సిన పాటని తీసుకొచ్చి చేప ముళ్ళకి అంటగట్టారే” అని నా దుకాణంలో కూర్చుని తిట్టేది. పక్కనే నాది పొద్దుటి టిఫిన్ల దుకాణం. రేడియోలో సంగీతం వచ్చే వేళకి ఆవిడ కుళాయి కూడా కట్టేసి కూర్చునే రోజులు నేనెరుగుదును. అప్పట్లో ఆవిడ గుమ్మం నిండా పిల్లల చెప్పులే. ఇప్పుడొచ్చేవాళ్ళకి పాట అక్కర్లేదు, ఫోనులో వీడియో పెట్టుకోవడానికి సరిపడా ముక్క చాలు. అది చేతికి రాగానే మళ్ళీ కనబడరు.

ఈ కాలం పిల్లలంటే నాకూ చిరాకే. గుడ్డట్టు కావాలో ముల్లంగట్టు కావాలో పైకి చెప్పి చావరు, నోట్లో నోట్లో గొణుగుతారు. ఆ ఫోన్లు చూసి చూసి నోరు పెగలడం మానేసింది వెధవలకి. “గట్టిగా ఏడవండర్రా” అని రోజూ అరవలేక చస్తున్నాను.

వానలు తగ్గుముఖం పట్టిన కొత్తలో ఒక బుధవారం సాయంత్రం అక్క చెత్త సంచి పట్టుకుని వీధిలో ఒక్కతే నిలబడి ఉంది. నాకు నవ్వొచ్చింది.

“బుధవారం బండేమిటక్కా? నీకోసం ప్రత్యేకంగా పంపుతున్నారా?”

ఆవిడ నవ్వలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పాట వినపడితేనే వచ్చానంది.

అప్పుడు తట్టింది నాకు, నా నవ్వూ ఆగిపోయింది. వాళ్ళ పెద్దక్కకి మతి పోవడం సరిగ్గా ఇలాగే మొదలైంది. బండి రాని రోజున సంచితో బయటికొచ్చింది, అందరం నవ్వుకున్నాం. ఆ తర్వాత ఒకనాడు గ్యోక్లాన్ అక్కని పట్టుకుని “నువ్వెవరమ్మా?” అనడిగింది. చివరికి ఒక వృద్ధాశ్రమంలో, బయట గడియ పెట్టిన గదిలో పోయింది. ఆ గడియ చప్పుడు అక్క ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ తర్వాత ప్రతి బుధవారం ఆవిడకి పాట వినపడుతూనే ఉంది. రేడియో ఆపేసి చూసింది. ఫ్రిజ్ తీగ పీకి చూసింది. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. పొద్దున్నే వచ్చి సందులో వాళ్ళ పేర్లు నాకు అప్పజెప్పేది. ఎవరి పేరన్నా ఒక్క క్షణం తట్టకపోతే మళ్ళీ మొదటినుంచి అందుకునేది. భయం అంటుకుంటుంది కాబోలు, ఆవిడ పొయ్యి ఆర్పిందో లేదోనని నేను పోయి చూసొచ్చేదాన్ని.

ఇలా కాదని చివరికి ఆవిడే తేల్చేసింది.

“ఈ బుధవారం నా పక్కన నిలబడవే సియాబీ. నీక్కూడా వినపడిందా, బతికిపోయాను. లేదూ, మేనకోడలికి ఫోన్ చేసేస్తా. పియానో అమ్మేసి, నా కాళ్ళు నా మాట వింటుండగానే ఆ ఆశ్రమానికి పోతాను.”

ఆ సాయంత్రం ఇద్దరం ఆవిడ గుమ్మంలో నిలబడ్డాం. ఎవరింట్లోనో వెల్లుల్లి వేగుతోంది. ఉన్నట్టుండి అక్క నా మణికట్టు పట్టుకుంది. “అదుగో” అంది మెల్లగా.

ఊపిరి బిగబట్టి విన్నాను. ఏమీ లేదు. వినపడిందని అబద్ధం చెబుదామా అనిపించింది. కానీ రేపు నిజంగా పొయ్యి ఆర్పకపోతే?

“లేదక్కా. ఏమీ వినపడటం లేదు.”

ఆవిడ నా చెయ్యి వదిలేసి మెట్టు మీద కూలబడింది. ఫోను తీసింది. మేనకోడలి పేరు కోసం వెతుకుతోంది. రేపు చూద్దాం లెమ్మని నేను బతిమాలుతున్నాను, నాకూ ఏడుపొచ్చేస్తోంది.

ఇంతలో వెనకింటి గేటు తీసుకుని ఖున్‌హో భార్య బయటికొచ్చింది. ఖున్‌హో ఆ చెత్త బండినే నడిపి నడిపి ఈమధ్యే రిటైరయ్యాడు. ఆవిడ మా మొహాలు చూసి కంగారుపడింది.

“అయ్యో టీచరమ్మగారూ, ఇక్కడిదాకా వినపడుతోందా? మా ఆయన బొమ్మ పియానోలాంటిది ఒకటి కొనుక్కున్నాడండీ. మీ చెవిన పడితే పరువు పోతుందని తలుపులేసుకునే వాయిస్తున్నాడు. సర్వీసంతా ఆదివారం సెలవు ఇంటి పనులకే పోయేదండీ, తనకంటూ మిగిలింది బుధవారమే, ఇప్పటికీ వేరే రోజు ముట్టుకోడు.”

అక్క ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. బండి పాడే ముక్క ఒక్కటే అతనికొచ్చట. పాటంటే అంతేననుకుని, అక్కడికి రాగానే మళ్ళీ మొదటికెళ్ళి వాయిస్తున్నాడట.

“తర్వాత ఇంకా బోలెడు పాటుందని చెప్పమ్మా మీ ఆయనకి. రేపే రమ్మను” అంది కళ్ళు తుడుచుకుంటూ.

ముగ్గురం వాళ్ళ కిటికీ దగ్గరికి వెళ్ళాం. అద్దంలోంచి ఖున్‌హో వీపు, కదులుతున్న వేళ్ళు కనబడుతున్నాయి. అక్క తొడ మీద తాళం వేస్తోంది, అతను తప్పినచోటల్లా మూతి ముడుస్తోంది. “చూశావుటే, మళ్ళీ అక్కడే తప్పాడు” అంది నాతో. అవునక్కా అన్నాను. ఆ కిటికీ ముందు నిలబడి కూడా నాకు ఒక్క ముక్క వినపడలేదు.

మర్నాడు పొద్దున పొగ లాగే ఫ్యాను హోరులో పెనం మీద అట్టు తిప్పుతున్నాను. రోజూ వచ్చే కాలేజీ కుర్రాడు ఏదో గొణిగాడు. గట్టిగా ఏడవరా అనబోయి తలెత్తి చూశాను. వాడి మెడ మీద నరాలు తేలి ఉన్నాయి. నోరంతా తెరిచి అరుస్తున్నాడు.