రెండు సెలవులున్న కుర్రాడు

మా మనవణ్ని అందరూ అరగంట అంటారు. పెద్ద క్లబ్బు అసలు జట్టులో ఉన్న రెండేళ్లూ వాణ్ని ఆట చివరి అరగంటకే మైదానంలోకి దింపేవారు. అలా వచ్చిందా పేరు. ఇప్పుడు మిల్లు క్లబ్బులో తొంభై నిమిషాలూ ఆడుతున్నా అరగంట అరగంటగానే ఉండిపోయాడు.

వాడికి ఇరవై ఒకటి. మా అమ్మాయి కొడుకు. అమ్మాయి ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. ఆవిడ డ్యూటీలో ఉన్నప్పుడల్లా వీడు నా చేతుల్లోనే పెరిగాడు. ఫుట్‌బాల్ పిచ్చి ఎక్కించింది కూడా నేనే. ముద్ద మింగించడానికి, నేను చదివిన కాన్వెంటులో పెద్ద సిస్టర్ గారు గౌను మడమల పైకి ఎత్తిపట్టి పెనాల్టీ కొడితే, బంతి గోల్‌పోస్టు దాటి, ప్రార్థన గది కిటికీలోంచి దూరి, గంట మోగించిందని చెప్పేవాణ్ని. గంట మోగిన మాట నిజం. మిగతాది ముద్ద ముద్దకీ పెరిగింది. వాడు నాలుగేళ్లప్పుడు ఆ కథ నమ్మాడు. పద్నాలుగేళ్లప్పుడు నమ్మలేదు. ఇరవై ఒకటికి మళ్లీ నా మాట ఎందుకు నమ్మాడో అదే నన్ను తినేస్తోంది.

వాడు నల్లగా, సన్నగా, మెడ కొంచెం ముందుకు వంచి నడుస్తాడు. మాట తక్కువ. బంతి కాలి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం మనిషి మారిపోతాడు. ఇద్దరు డిఫెండర్ల మధ్య లేని సందు వీడికి ఎక్కడో కనిపిస్తుంది. పదకొండేళ్లప్పుడు పెద్ద క్లబ్బువాళ్లు మూడు వందల మంది పిల్లల్లోంచి ఏరుకున్నారు. వాళ్ల చొక్కా ఎరుపు. మొదటి రోజు ఆ చొక్కా ఇస్తే వీడు దాంతోనే పడుకున్నాడు. పదేళ్లుగా వాడికి ఒకటే కోరిక, ఆ ఎర్ర చొక్కాతో ఆట మొదలవ్వడానికి ముందే మైదానంలో ఉండాలని.

పోయిన ఏడు పెద్ద క్లబ్బు వీణ్ని మిల్లు క్లబ్బుకు అరువిచ్చింది. ఫుట్‌బాల్‌లో మనుషుల్ని కూడా అరువిస్తారు. మనిషి వీళ్లవాడే, ఆట మాత్రం వాళ్లకు. ఇచ్చిన మర్నాడే పెద్ద క్లబ్బు హాస్టల్లో వాడి మంచం ఇంకొకడికి ఇచ్చేశారు. మిల్లు క్లబ్బుకు మైదానం వెనక నాలుగు గదులున్నాయి కానీ అవి సొంత ఆటగాళ్లకే. దాంతో వాడు మా ఇంటికి వచ్చిపడ్డాడు. పొద్దున్న అయిదూ పదికి మొదటి బస్సు. పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండున్నర.

ఆ శీతాకాలం అంతా వాణ్ని చూస్తుంటే నా మోకాళ్లు నొప్పి పుట్టేవి. నిలబడే తినేవాడు. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగిపోతే తలుపు తట్టి లేపాల్సి వచ్చేది. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని, ఒక మేజోడు విప్పి, రెండోది విప్పేలోపలే నిద్రపోయాడు. డ్యూటీకి బయల్దేరిన మా అమ్మాయి వాణ్ని దాటుకుని దిగుతూ, "వీణ్ని క్లబ్బువాళ్లు అరువిచ్చారా, ఆరబెట్టారా నాన్నా?" అంది.

"ఒక్కరోజు సెలవు పెట్టరా" అన్నాను నేను, వాణ్ని తట్టి లేపి.

"సెలవా? నాకు రెండున్నాయి తాతయ్యా" అన్నాడు, నవ్వీ నవ్వనట్టు. హాస్యమనుకుని ఊరుకున్నాను.

సీజను చివరికొచ్చింది. సోమవారం పెద్ద క్లబ్బు మేనేజరు వీడి సంగతి తేలుస్తానన్నాడు. వెనక్కి తీసుకుంటే ఎర్ర చొక్కా. లేదంటే మిల్లు క్లబ్బు కోచ్ ఎదురు చూస్తున్నాడు, "వాళ్లు వదిలితే చాలు, మిగతాది నాకు వదిలెయ్" అని. ఇంతలో ఆ శనివారమే కప్పు పోటీలో ఈ రెండు క్లబ్బులూ ఎదురుపడ్డాయి. అరువు ఆటగాడు తన సొంత క్లబ్బు మీద ఆడకూడదని నియమం. కాబట్టి ఏడాది మొత్తంలో పెద్ద క్లబ్బు మేనేజరు మిల్లు మైదానానికి వచ్చి కూర్చునే ఒక్క ఆటలో వీడు ఆడడు. మేనేజరు కబురు మాత్రం పంపాడు: "ఆట బాగా చూడమనండి. తను ఆడుంటే మమ్మల్ని ఎక్కడ దెబ్బ కొట్టేవాడో సోమవారం వచ్చి చెప్పమనండి. వాడి కాళ్లు నాకు తెలుసు, కళ్లు తెలియాలి."

శనివారం నేనూ వెంట వెళ్లాను. మిల్లు క్లబ్బు గేటు దగ్గర బట్టలు ఉతికి సర్దే ముసలాయన అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు ఇవాళ వాళ్లవాడివి కదరా అరగంటా! అటు పో."

అటు వెళ్లాం. ఎర్ర జెండా ఉన్న గేటు దగ్గర ఒక అమ్మాయి జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ చూసింది. "మీ పేరు లేదండీ. మీరు మిల్లు తరఫు కదా?"

నేను రెండు టికెట్లు కొన్నాను. సిమెంటు మెట్ల మీద, ఎండ ముఖాన కొట్టే వైపు చోటు దొరికింది. ఎదురుగా అవతలి వైపు నీడలో మేనేజరు ఒళ్లో కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. మా ముందు మెట్టు మీద ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. మొదటి సగం మావాడు కన్నార్పలేదు. కుడికాలు దానంతట అదే ఆడుతోంది. రెండుసార్లు ఆ టోపీ పెద్దమనిషి వీపుకు తగిలింది.

"బాబూ, ఆడాలంటే కిందకి దిగి ఆడు" అన్నాడాయన.

"దిగనివ్వట్లేదండీ" అన్నాడు వాడు.

ఎర్రచొక్కాల వాళ్లు ఒక గోల్ కొట్టారు. విరామంలో నేను టీ తేవడానికి వెళ్లి, వరసలో నిలబడి, రెండు కప్పులు పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చేసరికి ఆట మళ్లీ మొదలైంది. మావాడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోతున్నాడు. పక్కన కూర్చోగానే వాడి తల నా భుజం మీదికి ఒరిగింది.

లేపాలి. లేపలేదు. నలభై అయిదు నిమిషాలు భుజం కదపకుండా కూర్చున్నాను. రెండు చేతుల్లో రెండు టీలు చల్లారిపోయాయి. చుట్టూ జనం అరిచారు, లేచారు, కూర్చున్నారు. వాడు కదల్లేదు.

తిరుగు బస్సులో వాడికి మెలకువ పూర్తిగా వచ్చింది.

"తాతయ్యా, సెకండాఫ్‌లో ఏమైంది?"

"ఏం లేదు. అదే ఒక గోల్."

"అది కాదు. సోమవారం ఏం చెప్పాలి నేను? నువ్వు చూశావుగా, చెప్పు."

చూడలేదురా అని ఒక్కమాట అంటే సరిపోయేది. కానీ వాడి కళ్లు చూస్తే, నా అరవై ఏళ్ల దురలవాటు తనంతట తనే నోరు తెరిచింది. వాళ్ల ఎడమ డిఫెండరు కార్నర్ జెండా దగ్గర తడి చోట మూడుసార్లు జారాడన్నాను. ఆ పొడుగాటి డిఫెండరు ప్రతి కార్నర్‌కీ ముందు వంగి బూటు లేసు కట్టుకుంటాడన్నాను. "నాలుగు కార్నర్లు వచ్చాయి. నాలుగుసార్లూ లేసే. అప్పుడు వాడి వెనక మనిషి నిలబడితే కనపడడు."

వాడు పెదవులు కదుపుతూ వల్లించుకున్నాడు. నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

సోమవారం నన్నూ లోపలికి పిలిచారు. కాగితాల వ్యవహారానికి ఇంటి పెద్ద ఉండాలని వాళ్ల పద్ధతట. చిన్న గది, బల్ల, కిటికీ అవతల ఎర్రచొక్కాల పరుగు. మేనేజరు బట్టతల, నెమ్మదైన మనిషి.

"ఊఁ, చెప్పు. ఎక్కడ కొట్టేవాడివి మమ్మల్ని?"

"ఎడమ వైపు సార్. మీ డిఫెండర్ జెండా దగ్గర జారుతున్నాడు."

మేనేజరు తలూపి రాసుకున్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"ఇంకా?"

"సెకండాఫ్ కార్నర్లలో మీ పొడుగాయన ప్రతిసారీ లేసు కట్టుకున్నాడు సార్. నేనైతే ఆయన వెనక నిలబడేవాణ్ని."

పెన్ను ఆగింది. నేను దగ్గాను. ఎందుకు దగ్గానో దేవుడికెరుక.

"పొడుగాయన తొడ పట్టేసి విరామంలోనే బయటికి వచ్చేశాడు" అన్నాడు మేనేజరు. "సెకండాఫ్‌లో అతను నా పక్కనే కూర్చుని మంచు ముక్క పెట్టుకుంటున్నాడు. లేసు అక్కడ కట్టుకున్నాడేమో, నేను చూడలేదు."

మావాడు నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. నేను కుర్చీలోంచి లేచాను.

"అయ్యా, తప్పు నాది. వాడు నిద్రపోయాడు. నేను కల్పించి చెప్పాను."

"నిద్రపోయాడని తెలుసండీ. ఎదురుగానే ఉన్నాను కదా" అన్నాడాయన. "చూడలేదని చెప్తాడా లేదా అని అడిగాను." తర్వాత మావాడివైపు తిరిగి, "ఆట మధ్యలో నిద్ర ఏంటి బాబూ? మంగళవారం సెలవు ఇస్తున్నాం కదా నీకు?" అన్నాడు.

"మంగళవారం మిల్లులో ప్రాక్టీసు సార్."

"వాళ్లసలు సెలవే ఇవ్వరా?"

"ఆదివారం ఇస్తారు సార్."

"మరింకేం?"

"ఆదివారం అరువు కుర్రాళ్లందరూ ఇక్కడికి రావాలి కదా సార్. బరువు, పరుగు పరీక్ష."

మేనేజరు బల్ల సొరుగులోంచి ఒక దస్త్రం తీశాడు. అందులో మంగళవారాలన్నీ పచ్చ రంగు పూసి ఉన్నాయి. కాసేపు ఆ పచ్చగళ్లనే చూస్తూ కూర్చున్నాడు. "ఎన్నాళ్లుగా?"

"ముప్పై ఒక్క వారాలు సార్."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే, అలిసిపోయాడు అని రాసుకుంటారని."

కిటికీ అవతల ఎవరో ఈల ఊదారు. రెండు సెలవులున్నాయని వాడు మెట్ల మీద అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది.

మేనేజరు చెడ్డవాడేమీ కాదు. తప్పు తమదీ కొంత ఉందన్నాడు. కానీ పై ఏటికి ఇప్పుడే తీసుకోలేనన్నాడు. రేవు దగ్గరి క్లబ్బొకటి ఉంది, ఎనిమిది గంటల ప్రయాణం, అక్కడ ఇంకో ఏడాది అరువు మీద ఆడితే అప్పుడు చూద్దామన్నాడు. "నీలో ఆట ఉంది. తొందరపడకు. పదేళ్లు ఉన్నావు, ఇంకొక్క ఏడాది."

వాడు అడిగాడు.

"అక్కడ సెలవు ఏ రోజు సార్?"

"అది వాళ్లిష్టం."

"మరి ఆదివారం?"

"ఆదివారం మామూలే. అరువువాళ్లందరూ రావాల్సిందే."

వాడు కిటికీలోంచి ఎర్రచొక్కాల వైపు చూశాడు. పదకొండేళ్లవాడు చూసినట్టే చూశాడు. "వద్దు సార్. నన్ను వదిలెయ్యండి" అన్నాడు. బల్ల పట్టుకుని లేచాడు.

బస్సులో నేను మూడుసార్లు క్షమాపణ అడగబోయాను. మూడోసారి వాడు, "తాతయ్యా, లేసు మాట లేకపోతే తీసుకునేవారంటావా?" అన్నాడు.

"తెలీదురా."

"నాకూ తెలీదు" అని కళ్లు మూసుకున్నాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ మా ఇద్దరి మధ్యే ఉంది. వాడు మళ్లీ అడగలేదు, నేను మర్చిపోలేదు.

మిల్లు మైదానంలో కోచ్ తనే సున్నం డబ్బా పట్టుకుని గీతలు గీస్తున్నాడు. విషయం చెప్తే నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"చూడు, అబద్ధం చెప్పను. వచ్చే ఏడు మేం ఈ లీగులో ఉంటామో కిందకి జారతామో తెలీదు. రెండేళ్ల కాగితం ఇస్తాను. వెనక గది ఖాళీ అవుతుంది, మూలన కురుస్తుంది, మంచం ఇవతలికి లాక్కోవాలి. సెలవు మాత్రం ఒక్కటే, ఆదివారం."

"ఒకటి చాలు సార్" అన్నాడు వాడు.

సంతకం పెట్టి ఇంటికొచ్చాం. మా అమ్మాయి సంగతంతా విని నన్ను పట్టుకుంది. "నాన్నా! పిల్లలకి ముద్ద మింగించడానికి చెప్పే కతలు ఉద్యోగాల దగ్గర చెప్తారా ఎవరైనా?" అని అరిచి, ఆ తర్వాత కొడుకు పక్కన కూర్చుని వాడి పాదాలు ఒళ్లో పెట్టుకుంది. గోళ్లు రెండు నల్లబడి ఉన్నాయి. వాడు ఎర్ర చొక్కా మడిచి అట్టపెట్టె అడుగున పెడుతుంటే ఇద్దరం చూడనట్టు ఊరుకున్నాం.

ఆ ఆదివారం వాడు అలవాటుగా అయిదింటికి ముందే లేచాడు. బూట్లు వేసుకుని, సంచి భుజాన వేసుకుని, తలుపు దాకా వెళ్లాడు. నేను పడకకుర్చీలోంచి చూస్తూనే ఉన్నాను, చెప్పలేదు. గడియ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. సంచి దించాడు. ఎక్కడికీ వెళ్లనక్కరలేని మనిషి ఏం చేస్తాడో వాడికి తెలిసినట్టు లేదు. కాసేపు వంటింట్లో తిరిగాడు, ఒక కుర్చీ సర్దాడు, చివరికి వచ్చి బూట్లతోనే మంచం మీద వాలాడు.

పది గంటలకు నేను వెళ్లి బూట్లు విప్పుతుంటే కళ్లు తెరవకుండానే అన్నాడు:

"తాతయ్యా, నిజం చెప్పు. సెకండాఫ్‌లో నువ్వేం చూశావు?"

"ముందు కూర్చున్నాయన టోపీ" అన్నాను. "నువ్వు లేస్తావని తల కూడా తిప్పలేదు. ఊదారంగు ఉన్ని. మీద మూడు కుచ్చులు."

"మూడేనా?"

"ఆట మొదలైనప్పుడు మూడే."

వాడి మూతి ఒక పక్కకి వంకర తిరిగింది. రెండో బూటు ముడి విప్పేసరికి వాడు నిద్రపోయాడు. నాలుగో కుచ్చు ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పడం కుదరలేదు.